మాటలు మరిచిన హీరోతో మూసీ వెంట

కొత్తగా సౌండ్ రికార్డింగ్‌లోకి వచ్చిన పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా ఒకే సంగతి అడుగుతారు. మూసీ నది మీద తీసిన ఆ టీవీ సిరీస్‌లో హీరోగారు కెమెరాకేసి చూసి ఉపన్యాసం చెప్పకుండా, దారిలో కనబడ్డవాళ్ళను పలకరిస్తూ, ప్రశ్నలడుగుతూ నడుస్తారు కదా, ఆ పద్ధతి ఎవరి ఆలోచన అని. అది ఎవరి ఆలోచనా కాదు నాయనా. ఇంకో దారి లేక పట్టిన దారి. ఎట్లా పట్టామో చెప్తాను.

నాది పాతబస్తీలో శాలిబండ. మా అబ్బా, అంటే నాన్న, అక్కడే రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవారు. దుకాణంలో ఆయన పక్కన కూర్చుని, ఏది పాట, ఏది గరగర అని విడదీసి వినడం చిన్నప్పుడే అలవాటైంది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు. ఉద్యోగంలోకి వచ్చాక హెడ్‌ఫోన్‌లో ఎవరి భాష పడితే అది. సినిమాలు, పెళ్ళిళ్ళు, ఎన్నికల సభలు, అన్నిటికీ మైకులు పట్టాను. చివరి పదిహేనేళ్ళు ఒక తెలుగు చానెల్‌లో స్థిరపడ్డాను.

మా పనిలో ఒక చిత్రం ఉంది. మాట్లాడే మనిషి చొక్కా కాలరు కింద వేలెడంత కూడా లేని మైకు తగిలిస్తాం. దాని వైరు నడుముకి కట్టిన చిన్న పెట్టెలోకి పోతుంది. అక్కణ్ణుంచి ప్రతి మాటా గాలిలో నా హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది. కెమెరా ఆగినా అది ఆగదు. తగిలించుకున్న మనిషి కాసేపట్లో దాని సంగతి మరిచిపోతాడు. పక్కవాడితో చాడీలు చెప్తాడు, భార్యతో ఫోన్‌లో పోట్లాడతాడు, దేవుణ్ణి తలుచుకుంటాడు. చెవిలో పడ్డదాన్ని నోటిదాకా రానివ్వకపోవడమే మా ఉద్యోగంలో సగం.

చానెల్ వాళ్ళు ఆ సంవత్సరం నదుల మీద, కొండల మీద కార్యక్రమాలు తీద్దామనుకున్నారు. మొదటిది మూసీ. అనంతగిరి కొండల్లో పుట్టిన చోటి నుంచి కృష్ణలో కలిసే చోటి దాకా. కార్యక్రమాల విభాగం పెద్దను మేమంతా పెద్దసార్ అనేవాళ్ళం. నదిని ఎవరూ చూడరు, నది పక్కన హీరో నిలబడితే చూస్తారు అని ఆయన లెక్క. ఆ లెక్క తప్పని నేననను. మా యవ్వనంలో తెరను ఏలిన హీరోగారిని ఒప్పించి తెచ్చారు. ఆయన సినిమా విడుదలైతే నేనూ మొదటి ఆటకు పోయి, గొంతు పోయేలా అరిచినవాణ్ణే. ఇప్పుడాయన జుట్టు తెల్లబడింది, నడక మాత్రం అదే.

దర్శకురాలు ముప్పై దాటని అమ్మాయి, వరంగల్ పిల్ల. అదే తన మొదటి పెద్ద కార్యక్రమం. డైరెక్టరమ్మ అని నేను వేళాకోళానికి మొదలుపెట్టిన పిలుపు చివరికి అందరికీ అలవాటైంది.

అనంతగిరిలో మొదటి రోజు పొద్దున్నే పొగమంచు, చెట్ల మీంచి బొట్లు రాలుతున్న చప్పుడు, నాకు పండగ. హీరోగారు చెప్పాల్సింది నాలుగు వాక్యాలు. "ముచుకుంద మహర్షి తపస్సు చేసిన ఈ గిరుల నుంచి" అని మొదలవుతుంది. అంతవరకు చక్కగా అన్నారు. ఆగిపోయారు. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అక్కడే ఆగిపోయారు. వెలుతురు బాగాలేదన్నారు. చెప్పులో రాయి పడిందన్నారు. వ్యాన్‌లోకి వెళ్ళి ఎంతసేపటికీ రాలేదు. పెద్ద హీరో కదా, మనల్ని ఆడిస్తున్నాడని కెమెరామన్ సణిగాడు.

నా చెవిలో వేరే వినబడుతోంది. వ్యాన్‌లో ఒక్కడే కూర్చుని ఆయన ఆ వాక్యాలు చదువుకుంటున్నారు. పరీక్షకు పోయే పిల్లవాడిలా చదువుతున్నారు, కాగితం పక్కన పెడుతున్నారు, మొదటి ముక్క అంటున్నారు. తర్వాత ఊపిరి. ఆ తర్వాత, "ఏమిటి, తర్వాత ఏమిటి" అని తనను తానే అడుగుతున్నారు. ఆ గొంతులో గీర లేదు. భయం ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం మైకు తీసుకోవడానికి వెళ్తే ఆయనే తలుపు వేయించి కూర్చోమన్నారు. "సౌండ్ భాయ్, నీకు అన్నీ వినబడతాయి కదా" అన్నారు.

"వినుడు నా పని సార్. చెప్పుడు కాదు" అన్నాను.

ఆయన సంగతి చెప్పారు. జ్ఞాపకం మెల్లగా జారిపోయే జబ్బు. డాక్టరు అప్పటికే తేల్చేశారు. పాతవి గుర్తున్నాయి, మనుషులు గుర్తున్నారు, కొత్తగా నేర్చినది మాత్రం నిలవడం లేదు. ఇంట్లో భార్యకు, కూతురికి తప్ప ఇంకెవరికీ తెలియదు. మరి ఈ పని ఎందుకు ఒప్పుకున్నారు సార్ అని అడిగాను. "ఇంట్లో కూర్చుంటే అందరూ నా తరఫున మాట్లాడడం మొదలుపెడతారు. అది ఎంత ఆలస్యమైతే అంత మంచిది" అన్నారు.

నాకు గొప్ప ఉపాయం తట్టింది. తట్టినప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. చెవిలో పెట్టుకుంటే బయటికి కనబడని చిన్న వినికిడి బిళ్ళ ఒకటి నా పెట్టెలో ఉంది. దూరంగా కూర్చుని ఎవరైనా మైకులో వాక్యం చదివితే అది ఆయన చెవిలో పడుతుంది, ఆయన పలుకుతారు. ఆయన ఒప్పుకున్నాక డైరెక్టరమ్మకు చెప్పాం. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, వాక్యాలు రాసిన కాగితాలు అందుకుంది. మర్నాటి నుంచి తనే చదివింది. మా ముగ్గురికి తప్ప యూనిట్‌లో ఎవరికీ తెలియదు.

పని పరుగెత్తింది. కొండలు దాటాం, పైన ఉన్న చెరువుల దగ్గర తీశాం, డ్రోన్ ఎగరేశాం. డ్రోన్ ఎగిరితే నేను హెడ్‌ఫోన్ మెడలో వేసుకుని చాయ్ తాగడమే, దాని రొదలో ఇంకేమీ వినబడదు. వాక్యాలన్నీ తప్పు లేకుండా వస్తున్నాయి. కానీ మనిషి పోయాడు. ఆ అమ్మాయి ఎక్కడ ఆగితే ఈయన అక్కడ ఆగుతున్నారు. కళ్ళు ముందు చూస్తున్నాయి, మనసు చెవిలో ఉంది. కొండ చూపించి కొండ అంటున్నారు గానీ, కొండను చూడడం లేదు. ఒకరోజు బిళ్ళ తీసి నా చేతిలో పెడుతూ, "నా నోట్లో ఆ అమ్మాయి మాట్లాడుతోంది భాయ్" అన్నారు. నా గొప్ప ఉపాయం అట్లా ఏడ్చింది.

తీసినది ఎప్పటికప్పుడు ఆఫీసుకు పోతుంది. పెద్దసార్ చూశారు. హీరోగారికి ఈ పని మీద మనసు లేదు, బొమ్మలా నిలబడ్డారు, ఇట్లాగైతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు. పురానాపూల్ దగ్గర షూటింగ్‌కు స్వయంగా వస్తున్నానని, వెంట మా చానెల్ కుర్ర యాంకర్‌ను తెస్తున్నానని కబురు చేశారు. ఆ కుర్రవాడు మంచివాడే. ఏ వాక్యమైనా ఒక్కసారి చూసి అప్పజెప్పగలడు. అదే మా భయం.

పురానాపూల్ నాకు ఇంటి వాకిలి లాంటిది. పాత వంతెన మీద కూరగాయల గుట్టలు, కొత్త వంతెన మీద ఆటోల హారన్లు, మధ్యలో నన్ను గుర్తుపట్టి, "క్యా భాయ్, షూటింగ్ హై క్యా" అని పలకరించేవాళ్ళు. సౌండ్ మనిషికి అంతకన్నా చెడ్డ చోటు ఇంకోటి లేదు. కింద ఒడ్డున మూసీ నల్లగా, మెల్లగా పోతోంది. దాని వాసన గురించి రాయను. తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పలేను. ఒడ్డు పొడవునా ఆ నీళ్ళతోనే పెరిగే పచ్చగడ్డి. దాన్ని కోసి మోపులు కట్టి బర్రెలున్నవాళ్ళకు అమ్ముతారు.

పెద్దసార్ గొడుగు కింద టీవీ తెర ముందు కూర్చున్నారు. తెరలో బొమ్మ వస్తుంది గానీ మాట రాదు, మాట నా దగ్గరే. పైన కారులో కుర్ర యాంకర్ మొహానికి పౌడరు రాసుకుని సిద్ధంగా ఉన్నాడు. హీరోగారు అది చూశారు.

షాట్ మొదలైంది. ఆయన గడ్డి పక్కనుంచి నడిచి వచ్చి, వంతెన చూపించి, "శతాబ్దాల చరిత్రకు సాక్షిగా" అనాలి. డైరెక్టరమ్మ చెవిలో చెప్పింది. ఆయన నడిచారు. నిలబడ్డారు. నీళ్ళవైపు చూశారు. తర్వాత చెయ్యి పైకెత్తి, చెవిలోని బిళ్ళ తీసి చొక్కా జేబులో వేసుకున్నారు.

కాలరు మైకు జేబుకు దగ్గర కదా, జేబులోంచి డైరెక్టరమ్మ గొంతు సన్నగా, "శతాబ్దాల చరిత్రకు, సార్, శతాబ్దాల చరిత్రకు" అని నాకు వినబడుతూనే ఉంది. ఆపమని ఆ అమ్మాయికి సైగ చేశాను. ఆ గొంతు ఆగింది.

పక్కన గడ్డి మోపులు కడుతున్న ఒకావిడ ఉంది, యాభై దాటి ఉంటుంది. కెమెరాకు అడ్డం రావద్దని మావాళ్ళు ముందే దూరం జరిపారు. హీరోగారు నేరుగా ఆవిడ దగ్గరికి పోయి, ఇక్కడ కూర్చుంటే నీ పనికి అడ్డమా తల్లీ అని అడిగారు.

"అడ్డమే సార్. బండి వచ్చే టైమైంది" అందావిడ తలెత్తకుండానే. తర్వాత తలెత్తి, మనిషిని గుర్తుపట్టి, చేతిలో గడ్డి అట్లాగే పట్టుకుని ఉండిపోయింది. ఆయన మోపు పక్కన మట్టిలో కూర్చున్నారు. కెమెరామన్ డైరెక్టరమ్మకేసి చూశాడు. ఆ పిల్ల ఆపమనలేదు. నేను పొడుగు కర్ర మైకు అందుకుని ఆవిడ తలపైకి చాపాను.

ఎప్పుడొచ్చావు ఇక్కడికి అని అడిగారు. పెళ్ళయి వచ్చానంది. ఈ వాసనలో ఎట్లా ఉన్నావంటే, కొత్తలో అన్నం సయించేది కాదని, ఇప్పుడు అక్క ఊరికి పోతే అక్కడి గాలి సయించదని చెప్పింది. ఆయన నవ్వారు. ఆవిడా నవ్వింది. అప్పుడు అడిగారు, రోజూ పక్కనే ఉంటావు కదా, ఈ నదిని చూస్తావా అని.

"పని మీద ఎవరు చూస్తరు సార్. వానలు పడ్డప్పుడు చూస్తం, నీళ్ళు పెరుగుతున్నయా అని. భయంతోటి చూస్తం" అంది.

మామూలుగా ప్రశ్నలడిగేవాళ్ళకు తర్వాతి ప్రశ్న ముందే నోట్లో ఉంటుంది. ఈయన దగ్గర ఏమీ లేదు. ఆవిడ మొహమే చూస్తూ ఊరుకున్నారు. ఆ ఊరుకోవడంలోకి ఆవిడ తనంతట తానే మాట్లాడింది.

"ఒక్కపారి మస్తు వానలు పడి పైన గేట్లెత్తిన్రు. గడ్డంత కొట్కపోయింది, బర్లకు మేత లేదు, ఇంట్ల నీళ్ళు. మేం గీ గట్టు మీద నిలబడ్డం. తెల్లారేసరికి వాసన లేదు సార్. ఎర్రటి నీళ్ళు, ఒడ్డు నుంచి ఒడ్డు దాంక. మా అత్త, ఎంత మంచిగున్నదో చూడవే అన్నది. నాకు మస్తు కోపమొచ్చింది. ఇల్లు మునిగితే మంచిగున్నది అంటదేంది అని. ఇప్పుడు మా అత్త లేదు. నీళ్ళొచ్చినప్పుడల్ల ఆమె లెక్క నేనే నిలబడి చూస్త."

ఇన్నేళ్ళలో నా హెడ్‌ఫోన్‌లో పడ్డ మాటల్లో ఇటువంటివి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

అంతలో పెద్దసార్ గొడుగు కిందనుంచి లేచి నా పక్కకు వచ్చారు. ఆయనకు కనబడేది, హీరోగారు మట్టిలో కూర్చుని ఏమీ మాట్లాడకపోవడం ఒక్కటే. గొంతు తగ్గించే అడిగారు గానీ, కోపం తగ్గలేదు. "రాసిన వాక్యాలేవి? ఆయనకు ఏమైంది? అందరికన్నా నీకే తెలుస్తుంది. నిజం చెప్పు."

నిజం నాకు తెలుసు. చెప్తే పైన కారు తలుపు తెరుచుకుని కుర్ర యాంకర్ దిగుతాడు. తెలియదంటే అబద్ధం, అదీ ఇన్నేళ్ళుగా నన్ను నమ్మినవాళ్ళ ముందు. ఏం చెయ్యాలో ఆలోచించానని చెప్పలేను. చెయ్యి దానంతటదే లేచింది. హెడ్‌ఫోన్ తీసి ఆయన చేతికిచ్చాను.

"మీరే వినున్రి సార్" అన్నాను.

రికార్డింగ్ నడుస్తుండగా హెడ్‌ఫోన్ తీయడమంటే కళ్ళు మూసుకుని రోడ్డు దాటడమే. మిషన్ మీద ముల్లు కదలడం చూస్తూ, మైకు పట్టుకుని, ఏం వస్తోందో తెలియకుండా నిలబడ్డాను. ఆ మిగిలిన సంభాషణ నేను తర్వాత ఎడిటింగ్ గదిలో విన్నదే. అందులో ఆవిడ ఆయన్ని అడుగుతుంది, సినిమాల్లో అంత మాట్లాడేవారు కదా, ఇప్పుడు ఏం మాట్లాడడం లేదేమని. ఆయన, "మరిచిపోయాను తల్లీ" అంటారు. ఆవిడ తాడు ముడి బిగిస్తూ, "మరిచిపోతే ఏమాయె సార్. అడుగుతున్నరు గద" అంటుంది.

పెద్దసార్ చాలాసేపు విన్నారు. మొదట నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డవారు, తర్వాత ఆ చెయ్యి దించారు. కొంతసేపటికి రెండు చేతులతో హెడ్‌ఫోన్ చెవులకు అదుముకున్నారు, వంతెన మీది హారన్లు అడ్డం వస్తున్నాయి కాబోలు. డైరెక్టరమ్మ ఆయన మొహమే చూస్తోంది. చివరికి హెడ్‌ఫోన్ నాకిచ్చి, "బండి వచ్చేదాకా ఆపకండి" అన్నారు.

పెద్దసార్ ఒక్కసారిగా మారిపోయారని అనుకోకండి. మధ్యాహ్నం భోజనాల దగ్గర లెక్కలన్నీ మాట్లాడారు. రాసిన వాక్యాలు పోనక్కర్లేదు, స్టూడియోలో కాగితం చూసి చదివిస్తే బొమ్మ వెనక వేసుకోవచ్చు. బయట మాత్రం హీరోగారిని ఇట్లాగే అడగనివ్వండి. జనం ఇది చూస్తారు. చూడకపోతే మళ్ళీ మాట్లాడుకుందాం. ఇంతే. ఆయనకు అసలు సంగతి అర్థమైందో లేదో నేను అడగలేదు, ఆయనా ఆ ప్రశ్న మళ్ళీ నన్ను అడగలేదు. కుర్ర యాంకర్ పౌడరు తుడుచుకుని కిందికి వచ్చి, హీరోగారితో ఫోటో దిగి వెళ్ళాడు.

ఆ రోజు నుంచి నా పని రెట్టింపయింది. ఎవరిని ఎప్పుడు పలకరిస్తారో తెలియదు, ప్రతి మనిషి వెనకా కర్ర పట్టుకుని పరుగెత్తాలి. మోకాళ్ళు నొప్పి అని ఇంట్లో మా ఆవిడ దగ్గర మూలిగేవాణ్ణి గానీ, అంత సంతోషంగా ఉద్యోగం చేసిన కాలం ఇంకోటి లేదు. హీరోగారు మేకలు కాసేవాళ్ళను అడిగారు, మోటార్లు బాగుచేసేవాళ్ళను అడిగారు, దబీర్‌పురా స్టేషన్‌లో ఎంఎంటీఎస్ రైలు కోసం నిలబడ్డ ఒక పంతులమ్మను మూసీ దాటేటప్పుడు కిటికీ వేస్తారా తీస్తారా అని అడిగారు.

ఒక్కోసారి అడిగిన ప్రశ్నే కాసేపటికి మళ్ళీ అడిగేవారు. మొదట్లో మేము ఒకరి మొహాలొకరం చూసుకునేవాళ్ళం. ఎదుటివాళ్ళు మాత్రం, నా జవాబు ఈయనకు చాలలేదు కాబోలని, రెండోసారి ఇంకొంచెం లోపలినుంచి చెప్పేవాళ్ళు. ఎడిటింగ్‌లో డైరెక్టరమ్మ ఎప్పుడూ ఆ రెండో జవాబే ఉంచింది. పిల్లలూ, ఇది మీరు రాసిపెట్టుకోవచ్చు. మొదటి జవాబు మనిషి మర్యాదకు చెప్తాడు.

చివరి రోజు వాడపల్లి దగ్గర తీశాం, మూసీ కృష్ణలో కలిసే చోట. పడవవాడితో మాట్లాడడం అయిపోయింది, సామాను సర్దుకుందామనుకుంటుంటే హీరోగారు కెమెరా తన వైపు తిప్పమన్నారు. సంగతి గ్రహించి డైరెక్టరమ్మ ఆయన్ని పక్కకు తీసుకుపోయి బతిమాలింది. చెప్పొద్దు సార్, పేపర్లవాళ్ళు వదలరు, ఇంటిముందు లొల్లి చేస్తారు అంది. ఆయన మెత్తగానే అన్నారు. "కొండ దగ్గర్నుంచి ఇక్కడి దాకా కనబడ్డవాళ్ళందరినీ అడిగాను. అందరూ వాళ్ళ ఇంటి సంగతులు చెప్పారు. నేను నాది ఒక్కటీ చెప్పలేదమ్మా. అది న్యాయం కాదు."

చెప్పారు. కాగితం లేదు, బిళ్ళ లేదు. తన జబ్బు పేరు చెప్పారు, అది ఏం చేస్తుందో చెప్పారు. మీ పేర్లు నాకు గుర్తుండకపోవచ్చు, మీరు చెప్పింది ఈ కార్యక్రమంలో ఉంటుంది అన్నారు. మధ్యలో ఒక మాట కోసం వెతుక్కున్నారు, దొరకలేదు, దొరకలేదని చెప్పి ముందుకు పోయారు. ఒక్క టేకే. యూనిట్‌లో అప్పటిదాకా తెలియనివాళ్ళందరికీ అప్పుడే తెలిసింది. హీరోగారు ఆడిస్తున్నాడని సణిగిన కెమెరామన్ కన్ను కెమెరా నుంచి తీయలేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

మా పనిలో ఒక ఆనవాయితీ ఉంది. ఏ చోటైనా షూటింగ్ ముగిశాక, ఎక్కడివాళ్ళు అక్కడ కదలకుండా ఉంటే, ఆ చోటి చప్పుడు మాత్రం కాసేపు పట్టుకుంటాం. తర్వాత అతుకులకు పనికొస్తుంది. అడగాలా వద్దా అని నాకు సందేహం కలిగింది. అయినా అడిగాను, పని పనే.

అందరూ నిలబడ్డారు. పడవవాడు తెడ్డు ఎత్తిపట్టుకున్నాడు. గాలి పెద్దగా లేదు. రెండు నీళ్ళూ ఒరుసుకునే చప్పుడు ఒకటి ఉంటుంది, అది అక్కడే తెలిసింది నాకు. ఆయన కాలరు మైకు తీయడం మరిచిపోయాను, అది ఇంకా నడుస్తోంది. ఆ నీళ్ళ చప్పుడు మీద ఆయన ఊపిరి వినబడింది. అనంతగిరిలో వ్యాన్ లోపల విన్న ఊపిరి కాదది. పొద్దంతా పనిచేసి అరుగుమీద కూర్చున్న మనిషి ఊపిరి. ఆపు బటన్ మీద వేలు పెట్టి, కావలసినదానికన్నా చాలాసేపు నొక్కకుండా ఉండిపోయాను. ఎవరూ కదల్లేదు.